సారమ్మ చేతుల్లో ఇరవై నాలుగు వెన్నుపూసలు

సారమ్మ రోజుకు మూడు పూటలా ఇరవై నాలుగు ఎలుకల చేత మూత్రం పోయించేది. అదే ఆమె ఉద్యోగం. ఎడమచేత్తో ఎలుకను మెత్తగా పట్టుకుని, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ దాని పొత్తికడుపు మీద ఆనించి, లోపల రేగుపండంత ఉబ్బు తగిలేదాకా వెతికి, నెమ్మదిగా కిందికి ఒత్తాలి. గట్టిగా ఒత్తితే లోపల పగులుతుంది. సరిగా ఒత్తకపోతే మిగిలిపోయి చెడుతుంది. ఉప్పల్ పారిశ్రామికవాడ అంచున ఉన్న ఆ చిన్న పరిశోధనాశాలలో పెద్ద చదువులు చదివినవాళ్లు ఐదుగురున్నారు. ఈ పని మాత్రం సారమ్మ ఒక్కదానికే చక్కగా వచ్చు.

అవి వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకలు. మత్తు ఇచ్చి, నడుము మీద ఒకచోట కొలిచిన దెబ్బ తగిలించడం వల్ల వాటి వెనక కాళ్లు పడిపోయాయి. కాళ్లతోపాటు మూత్రం మీద అదుపూ పోయింది. తెగిన నరాలను మళ్లీ మొలిపించవచ్చా అని డాక్టర్ గంగాధరరావు అక్కడ ప్రయోగాలు చేసేవాడు. ఆయన వైద్యం చేసే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. ఎంత చిన్నగా మాట్లాడేవాడంటే, ఆయన ఎవరినైనా తిడితే ఆ సంగతి తిట్టించుకున్నవాళ్లకు మధ్యాహ్నానికి గానీ అర్థమయ్యేది కాదు.

సారమ్మది జనగామ దగ్గర పల్లె. పెళ్లయి నాచారం వచ్చింది. భర్త అబ్బయ్య రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. ఆమె మొదట ఆ ల్యాబులో గాజుసీసాలు కడిగే పనికి చేరింది. ఎలుకలను చూసుకునే మనిషి, ఒక ఎలుక వేలు కొరికిందని చెప్పకుండా మానేశాడు. గంగాధరరావు వరండాలోకి వచ్చి, "ఎలుకలంటే భయం లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని గోడను అడిగినట్టు అడిగాడు.

"భయమెందుకు సార్? మా ఇంట్ల మాతోనే ఉంటయ్ గద" అంది సారమ్మ, సీసా కడుగుతూనే.

అలా 1993లో ఎలుకల గదికి మారింది. వారంలో పని నేర్చుకుంది. నెలలో ఎలుకలన్నిటికీ పేర్లు పెట్టింది.

పేర్లు పెట్టకూడదని గంగాధరరావు చెప్పాడు. "పేరు పెడితే ఇష్టం పుడుతుందమ్మా. ఇష్టం పుడితే, అది నడవకపోయినా నడిచినట్టు కనిపిస్తుంది. నంబర్లు చాలు."

"సరే సార్" అంది సారమ్మ. ఆయన ఉన్నంతసేపు నంబర్లతోనే పిలిచేది.

భర్త అబ్బయ్యకు ఈ ఉద్యోగం పెద్ద ఇబ్బందిగా ఉండేది. ఆదివారం చర్చి మెట్ల మీద ఎవరో ఒకరు అడిగేవారు.

"మీ ఇంటామె ఏం జేస్తదే?"

"ల్యాబుల."

"ల్యాబుల ఏం పని?"

"నర్సు లెక్క."

"ఎవలకు?"

అక్కడికి వచ్చేసరికి అబ్బయ్య పాటల పుస్తకం తెరిచి, "ఎన్నో నంబరు పాట అన్నరు?" అని పక్కకు తిరిగేవాడు.

ఎలుకలకు ఆదివారం లేదు, పండుగ లేదు. 1995 క్రిస్మస్ రోజు కృపానందం పాస్టరు చాడీల గురించి ప్రసంగం చేస్తుంటే, పదకొండు కాగానే సారమ్మ లేచి కొంగు సర్దుకుని బయటికి నడిచింది. తన మాట ఆమెకు సూటిగా తగిలిందని పాస్టరు బాధపడ్డాడు. సాయంత్రం భార్యను వెంటబెట్టుకుని, కేకు ముక్కతో సహా ఓదార్చడానికి ఇంటికి వచ్చాడు. సారమ్మ ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. ఎలా ఒత్తాలో గాలిలో వేళ్లతో చూపించింది కూడా. పాస్టరు చాలాసేపు కేకు వైపు చూశాడు. వచ్చినందుకు ప్రార్థన చేయకుండా వెళ్లకూడదు కాబట్టి కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఈ సహోదరి చేతి కింద ఉన్న ఆ... ప్రాణులను జ్ఞాపకం చేసుకో. వాటి... వాటి నీళ్లు..." అని ఆగిపోయాడు.

"సాఫీగ పోనియ్యి" అని సారమ్మ అందించింది.

"ఆమేన్" అన్నాడు పాస్టరు. అబ్బయ్య మాత్రం ఆమేన్ అనలేదు.

*

సారమ్మ వాళ్లు నాచారం పాత ఊళ్లో బాలనర్సింహ ఇంట్లో వెనక రెండు గదుల్లో అద్దెకుండేవారు. బాలనర్సింహ వాళ్లది తరతరాలుగా నాచారమే. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న చోట వాళ్ల తాతలు జొన్నలు పండించారు. భూములు పోయాక అతను ఇసుక లారీ నడిపాడు, చీటీలు నడిపాడు, బోనాల ఊరేగింపు ముందుండి నడిపాడు. గొంతు మల్లాపూర్ దాకా వినిపించేది.

1994 ఎండాకాలంలో ఇంటి మీద కొత్త నీళ్ల ట్యాంకు కట్టించాడు. దాని మీద తన పేరు తానే రాస్తానని ఎర్రరంగు డబ్బా పట్టుకుని ఎక్కాడు. 'బాలన' దాకా రాసి, ఎలా వచ్చిందో చూసుకుందామని రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక రెండో అడుగుకు చోటు లేదు.

ప్రాణం మిగిలింది. నడుము కింది భాగం పోయింది. దవాఖానాలో రెండు నెలలున్నాక ఇంటికి తెచ్చి ముందుగదిలో మంచం వేశారు. అప్పటి నుంచి అతను గడప దాటలేదు. ఎవరైనా చూడ్డానికొస్తే దుప్పటి మొహం మీదికి లాక్కుని నిద్ర నటించేవాడు. నిద్రలో కూడా వాళ్లను తిట్టేవాడని భార్య మల్లవ్వ చెప్పేది. ఎవరో దానసంస్థ వాళ్లు చేత్తో తిప్పే మూడుచక్రాల సైకిలు ఇచ్చారు. అది వాకిట్లో కోళ్లకు గూడైంది. ట్యాంకు మీద 'బాలన' అలాగే ఉండిపోయింది. మిగతాది రాయడానికి ఎవరికీ చేతులు రాలేదు, చెరపడానికీ రాలేదు.

1996 వానాకాలంలో ఒక ఉదయం సారమ్మ మల్లవ్వకు తోటకూర ఇద్దామని ముందుగదిలోకి వచ్చి, గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చింది.

"అన్నా, నీ ఉచ్చ చెడిపోయింది" అంది.

దుప్పటి కింది నుంచి బాలనర్సింహ మొహం బయటికొచ్చింది. "ఏందీ?"

"పోయిన బ్యాచిల తొమ్మిదో నంబరుకు గిట్లనే వాసనొచ్చింది. రెండు దినాల్ల సచ్చింది."

"తొమ్మిదో నంబరెవరు?"

"ఎలుక."

మల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండేళ్లలో ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి.

"నేను ఎలుకనా? నా ఇంట్ల ఉండుకుంట నన్ను ఎలుకంటవా?" అని బాలనర్సింహ చెంబు అందుకున్నాడు.

"ఎలుకవైతే మంచిగుండు అన్నా. నేనే సూస్కుంటుంటి" అని సారమ్మ చెంబు అతని చేతిలోంచి తీసి కింద పెట్టింది. "నిన్నటి సంది వణుకు వస్తున్నదా లేదా? నిజం జెప్పు."

బాలనర్సింహ దుప్పటి మళ్లీ మెడదాకా లాక్కున్నాడు. "రాత్రంత పండ్లు టకటక కొట్టుకున్నయ్ వదినె. దోమలు అన్నడు" అంది మల్లవ్వ.

సారమ్మ ఆటో పిలిచింది. అబ్బయ్యా మల్లవ్వా కలిసి అతన్ని ఎత్తి కూర్చోబెట్టారు. దవాఖానాలో డాక్టరు పరీక్ష చేసి, విషం కిడ్నీలదాకా పాకిందనీ, ఇంకో రెండు రోజులు ఆగితే తమ చేతుల్లో ఉండేది కాదనీ అన్నాడు. రెండేళ్లుగా ఎప్పుడూ లోపలే ఉన్న మూత్రం గొట్టం తీసేసి, రోజుకు నాలుగైదుసార్లు శుభ్రమైన సన్నని గొట్టంతో మూత్రం తీయడం మల్లవ్వకు నేర్పించారు. మల్లవ్వ గొట్టం పట్టుకోవడానికి జంకుతుంటే సారమ్మ పక్కన నిలబడి, "తొందరేం లేదు వదినె. ఇది కరువది" అని ధైర్యం చెప్పింది.

పది రోజులకు ఇంటికొచ్చాక సారమ్మ అతన్ని పక్కకు తిప్పించి వీపు చూసింది. నడుము కింద రూపాయి బిళ్లంత పుండు.

"రెండు గంటలకోపారి పొర్లాలె. ఒక్క దిక్కే పండుకుంటె గది లోపటికి తింటది."

ఆ ఇంట్లో నడిచే గడియారం లేదు. మల్లవ్వ తనే ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దున ఫ్యాక్టరీ సైరనుకు కుడివైపు, రేడియోలో వార్తలకు ఎడమవైపు, బడిలో అన్నం గంటకు బోర్లా, చర్లపల్లి వైపు పోయే ప్యాసింజరు కూతకు మళ్లీ కుడివైపు. ఒకరోజు బండి ఆలస్యమైంది. బాలనర్సింహ బోర్లా పడుకునే రైల్వేవాళ్లను వాళ్ల వంశాలతో సహా తిట్టాడు. వీధిలోవాళ్లు ఆగి విన్నారు. "గొంతు మళ్ల లేచింది" అని సంతోషించారు.

ఆరు వారాలకు పుండు ఎండింది.

*

బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఎవరికీ కృతజ్ఞత చెప్పని మనిషి బాలనర్సింహ. దాని బదులు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. సారమ్మ సాయంత్రం పని నుంచి రాగానే ముందుగదిలోంచి పిలిచేవాడు.

"ఆ ఎలుకలకు ఏం మందిస్తున్రు?"

"మందు గాదన్నా. ముక్కుల ఏదో ఉంటదట, కణాలు అంటరు. ముక్కుల వాసన పట్టే నరాలు సచ్చేదాంక మళ్ల మళ్ల మొలుస్తనే ఉంటయట. గా నరాలకు తోవ జూపెట్టే కణాలు తీసి వెన్నుల పెడ్తున్నరు. నడుముల నరాలకు గూడ తోవ జూపెడ్తయేమోనని."

బాలనర్సింహ తన ముక్కును తడిమి చూసుకున్నాడు. అది నిజంగానే పెద్దది. చిన్నప్పుడు దాని పేరు మీద ఎన్నో తగాదాలు జరిగాయి.

"మీ సారుకు జెప్పు. నా ముక్కుల ఎంత గావాలంటె అంత తీస్కొమ్మను. ఇంగ ముగ్గురికి సరిపోతది" అన్నాడు.

సారమ్మ మర్నాడు ఆ కబురు యథాతథంగా గంగాధరరావుకు అందించింది. ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మనుషులదాకా రావడానికి చాలా దూరం ఉందమ్మా. ఆయనకు ఆశ పెట్టకండి. ఇప్పుడే వద్దు" అన్నాడు.

"ఆశ నేను పెట్టలే సార్. ఆయినెనే పెట్టుకుండు."

కొత్తగా వచ్చిన బ్యాచిలో పదిహేడో నంబరు ఎలుక వచ్చిన మొదటి రోజే సారమ్మ వేలు కొరికింది. తిండి గిన్నె తన్నింది, అదీ పనిచేయని కాళ్లతో ఎలా తన్నిందో తెలియదు. దానికి సారమ్మ తన చనిపోయిన అత్త పేరు పెట్టింది: పాపమ్మ.

"మా అమ్మ పేరు ఎలుకకు పెడ్తవా?" అని అబ్బయ్య రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు.

"ఊకె పెట్టలే. మీ అమ్మ లెక్కనే మంచాన వడ్డా ఎవ్వల మాట ఇంటలేదు" అంది సారమ్మ. అబ్బయ్యకు తల్లి గుర్తొచ్చి, కాదనలేకపోయాడు.

వారానికి రెండుసార్లు ఎలుకలకు పరీక్ష. నీలం రంగు ప్లాస్టిక్ తొట్టిలో ఒక్కో ఎలుకను వదిలి, గంగాధరరావూ, ఆయన దగ్గర పరిశోధన చేసే తారామణి అనే అమ్మాయీ చెరోవైపు నేల మీద బోర్లా పడుకుని, అది వెనక కాళ్లు ఎలా కదుపుతుందో చూసి మార్కులు వేసేవారు. అసలు కదలకపోతే సున్నా, మామూలు ఎలుకలా నడిస్తే ఇరవై ఒకటి. ఏ ఎలుకకు కణాలు పెట్టారో, దేనికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించారో ఆ ఇద్దరికీ తెలియదు. తెలిస్తే కళ్లు మోసం చేస్తాయని, ఆ జాబితాను కవరులో పెట్టి సీలు వేసి ఆఫీసు అల్మారాలో దాచారు.

నవంబరులో ఒక మంగళవారం పదిహేడో నంబరు తొట్టిలో వెనక కాళ్ల మీద బరువు మోపి లేచింది. ఊగింది. నాలుగడుగులు వేసింది. తారామణి కేక పెట్టింది. గంగాధరరావు "అరవకండి, అది భయపడుతుంది" అని, తనే అందరికీ వినబడేంత గట్టిగా అన్నాడు. ఆయన గొంతు అంత ఉందని ల్యాబులో చాలామందికి ఆరోజే తెలిసింది.

సారమ్మ ఇంటికొచ్చి చెప్పగానే బాలనర్సింహ మోచేతుల మీద లేచి కూర్చున్నంత పని చేశాడు.

"మొగోడు! నా తమ్ముడు వాడు!"

"తమ్ముడు గాదన్నా, చెల్లె. అన్నీ ఆడయే."

"ఆడయెందుకు?"

"మొగయైతె ఉచ్చ పోయించుడు మస్తు కష్టం."

"మొగోళ్లతోని యాడైన కష్టమే" అంది మల్లవ్వ, గొట్టాలు మరిగిస్తూ.

తమ్ముడు కాకపోయినా చెల్లెలే నయమనుకున్నాడు బాలనర్సింహ. రోజూ దాని క్షేమం అడిగేవాడు. మల్లవ్వ చేత పల్లీపట్టీ తెప్పించి, "పాపమ్మకు పెట్టు, బలం రావాలె" అని పంపేవాడు. ఎలుకలకు బయటి తిండి పెట్టకూడదు. ఆ సంగతి చెబితే అతను బాధపడతాడని సారమ్మ దారిలో తనే తినేసేది. సాయంత్రం, "తిన్నదా?" అంటే, "మస్తు తిన్నదన్నా. ఇంగో ముక్క ఉంటె బాగుండునన్నట్టు సూసింది" అనేది. ఆ చలికాలంలో ఆమె రవికెలు బిగుతయ్యాయి.

అతనిలో మార్పు అందరికీ కనిపించింది. గడ్డం గీసుకున్నాడు. చేతులతో తాడు పట్టుకుని తనంతట తాను పొర్లడం నేర్చుకున్నాడు. "పాపమ్మ ఇయ్యాల ఎన్ని మార్కులు?" అని అడిగి, పదమూడు అంటే పదమూడుసార్లు తాడు లాగేవాడు.

*

1997 జనవరిలో జాబితా ఉన్న కవరు సీలు తీశారు.

ఆ సాయంత్రం సారమ్మ ఇంటికి చాలా మెల్లగా నడిచి వచ్చింది. ముందుగదిలోకి వెళ్లి, పిలవకముందే స్టూలు మీద కూర్చుంది.

"అన్నా, పాపమ్మకు కణాలు పెట్టలేదట. ఉప్పునీళ్లే."

బాలనర్సింహకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని తాడు వదిలేశాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి మంచం మీద చెయ్యి చరిచాడు.

"అయితె ఇంగేంది? ఉప్పునీళ్లకే గట్ల లేస్తె నాకు గూడ ఉప్పునీళ్లే పొయ్యమను! ముక్కు ఎందుకు, మూతి ఎందుకు? మనింట్ల ఉప్పున్నది, నీళ్లున్నయ్!"

"గట్ల గాదన్నా..." అంటూ సారమ్మ ఆగింది. చెప్పాల్సింది ఇంకా ఉంది. "రేపు వాటిని నిద్రపుచ్చుతరు. లోపల ఏమైందో కోసి సూడాలె. అన్నిట్ని."

"పాపమ్మను గూడనా?"

"పాపమ్మనే ముందుగాల."

మర్నాడు పొద్దున సైరను మోగేసరికి బాలనర్సింహ చొక్కా వేసుకుని ఉన్నాడు. "బండి కడుగు" అన్నాడు మల్లవ్వతో.

"ఏ బండి?"

"గా కోళ్ల బండి."

మల్లవ్వ కోళ్లను తోలి, బకెట్ల కొద్దీ నీళ్లు పోసి మూడుచక్రాల సైకిలు కడిగింది. అబ్బయ్య డ్యూటీకి పోయేవాడల్లా ఆగి చక్రాలకు నూనె వేశాడు. అందరూ కలిసి అతన్ని ఎక్కించి, కింద మెత్త వేశారు. దవాఖానాకు ఎత్తుకెళ్లింది తప్పిస్తే, రెండున్నరేళ్లలో బాలనర్సింహ గడప దాటడం అదే మొదటిసారి. వీధి మలుపులో ఇరానీ హోటలు ముందున్నవాళ్లు కప్పులు పట్టుకునే లేచి నిలబడ్డారు.

"బాలన్నా! యాడికే?"

"ఎలుకను ఇడిపించనీకి!" అని అరిచాడు. మల్లాపూర్ దాకా వినిపించే ఉంటుంది.

అతను చేతులతో తిప్పుతుంటే మల్లవ్వ వెనక నుంచి తోసింది. హబ్సిగూడ చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు బస్సులన్నిటినీ ఆపి దారిచ్చాడు. బాలనర్సింహ తనకు ఇవ్వాల్సిన మర్యాదే ఇచ్చారన్నట్టు చెయ్యి ఊపాడు. ఉప్పల్ చేరేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ల్యాబు గేటు దగ్గర ఉప్పలయ్య అనే వాచ్‌మన్ అడ్డం వచ్చాడు.

"ఎవలు గావాలె?"

"పదిహేడో నంబరు."

"ఫోను నంబరా?"

"ఎలుక."

ఉప్పలయ్య రిజిస్టరు తెరిచి, 'కలవవలసిన వ్యక్తి' అన్న గడి దగ్గర పెన్ను పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. చివరికి లోపలికి కబురు పంపాడు.

గంగాధరరావు తెల్లకోటుతోనే బయటికి వచ్చాడు. వెనక సారమ్మ. నిలబడి మాట్లాడితే తల పైకెత్తి చూడాల్సి వస్తుందని ఆయన గేటు పక్కనున్న సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాడు.

"దాన్ని సంపకున్రి సార్. నేను తీస్కపోత. ఇంట్ల సాదుకుంట" అన్నాడు బాలనర్సింహ.

"ఉప్పునీళ్ల వల్ల నడవలేదండీ అది" అన్నాడు గంగాధరరావు. "దెబ్బ అన్నిటికీ ఒకే తీరుగా తగలదు. దానికి నరాలన్నీ తెగి ఉండవు. కొన్ని మిగిలి ఉంటాయి. ఆ మిగిలినవాటితో నడుస్తోంది. ఎన్ని మిగిలాయో బయటి నుంచి చెప్పలేం."

"నాకెన్ని మిగిలినయ్?"

"తెలీదండీ."

"ఎట్ల తెలుస్తది?"

గంగాధరరావు నేల వైపు చూశాడు. బాలనర్సింహ ఆయన మొహం చూసి, లోపలి బిల్డింగు చూసి, సంగతి గ్రహించాడు.

"ఓహో. నన్ను గూడ కోసి సూడాలె!" అన్నాడు. ముందు నవ్వింది అతనే. తర్వాత ఉప్పలయ్య నవ్వాడు. మల్లవ్వ మాత్రం నవ్వలేదు. సైకిలు వెనక పట్టీ గట్టిగా పట్టుకుంది.

నవ్వు ఆగాక బాలనర్సింహ గొంతు తగ్గించి అడిగాడు. "మరి దాన్ని సూస్తె తెలుస్తదా? ఎన్నిటితోని నడిచిందో?"

"తెలుస్తుంది. అది చెప్పగలిగింది ఇంకెవరూ చెప్పలేరు. మీలాంటివాళ్లకు ఎన్ని నరాలు మొలిపిస్తే చాలో మాకు తెలియాలి."

"నొప్పైతదా?"

"నిద్రపోతుంది. అంతే."

బాలనర్సింహ సారమ్మ వైపు తిరిగాడు. "నీ చేతులనే నిద్రపోతదా?"

"నా చేతులనే అన్నా" అంది సారమ్మ. అప్పటిదాకా ఆమె ఆ సంగతి ఎవరినీ అడగలేదు. గంగాధరరావు తలూపాడు.

"అయితె సూడున్రి సార్. మంచిగ లెక్కపెట్టి నాకు జెప్పున్రి" అని బాలనర్సింహ సైకిలు తిప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం సారమ్మ పాపమ్మను చేతుల్లో పట్టుకుని కూర్చుంది. మత్తు ఎక్కేలోపు అది మరోసారి ఆమె వేలు కొరికింది. సారమ్మకు ఏడుపు వచ్చింది, అందులోనే నవ్వూ వచ్చింది. "పో, పోవే అత్తమ్మా" అంది. మూడు రోజులు ఆమె పనికి వెళ్లలేదు. ఎందుకు రాలేదని గంగాధరరావు అడగలేదు.

*

నాలుగు నెలలకు ఒక ఆదివారం గంగాధరరావు స్కూటరు మీద నాచారం వచ్చాడు. ముందుగదిలో స్టూలు మీద కూర్చుని, మల్లవ్వ ఇచ్చిన చాయ్ పూర్తిగా తాగి, అప్పుడు చెప్పాడు.

"మిగిలింది పదోవంతు కంటే తక్కువండీ. నరాల్లో పదింట తొమ్మిది వంతులకు పైనే పోయాయి. ఆ మిగిలినదాంతోనే నడిచింది."

"తొమ్మిదొంతులు పోయినంకనా?" బాలనర్సింహ మంచం పట్టె పట్టుకున్నాడు. "ఇన్నవానే మల్లవ్వా? పదోవంతు సాలట!"

"మరి కణాలు పెట్టినయ్ సార్?" అని సారమ్మ అడిగింది.

"ఉప్పునీళ్ల వాటికంటే కొద్దిగా మెరుగు. రెండు మూడు మార్కులు. దాన్ని చూసి మనిషికి పెడతామనడం తప్పు. ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. నా రిటైర్మెంటు లోపల రాకపోవచ్చు."

"మీరు రిటైరైతరు సార్. నాకు రిటైర్మెంటు లేదు. నేను సూస్త" అన్నాడు బాలనర్సింహ.

ఆ ప్రయోగం గురించి ఏదో విదేశీ పత్రికలో వ్యాసం వచ్చింది. చివర్న సన్నని అక్షరాల్లో, ఎలుకల సంరక్షణకు శ్రీమతి సారమ్మకు కృతజ్ఞతలు అని ఇంగ్లీషులో వేశారు. అబ్బయ్య ఆ పేజీని జిరాక్సు తీయించి, ప్లాస్టిక్ వేయించి, బైబిల్లో పెట్టుకుని చర్చికి తీసుకెళ్లాడు. ఎవరూ అడగకపోయినా చూపించేవాడు. "ఎలుకలకేనా?" అని ఒకాయన అంటే, "వెన్నుపాముకు" అని సరిదిద్దాడు.

బాలనర్సింహ కాళ్లు మళ్లీ లేవలేదు. 1998లో వికలాంగుల కోటాలో ఎస్‌టీడీ బూతు వచ్చింది. నాచారం చౌరస్తాలో పెట్టాడు. ఫోను చేసుకోవడానికి వచ్చినవాళ్లకు లైను దొరికేలోపు వెన్నుపాము గురించి చెప్పేవాడు. కొందరు లైను దొరికినా మాట్లాడకుండా అతని మాటలే వినేవారు. మల్లవ్వకు మధ్యాహ్నాలు ఖాళీ దొరికింది. ఆమె కుట్టుపని నేర్చుకుని, మొట్టమొదట సారమ్మకు రెండు వదులు రవికెలు కుట్టింది.

సారమ్మ పేరు మెల్లగా చుట్టుపక్కల పాకింది. లాలాపేటలో గోడ కూలి నడుము విరిగిన తాపీమేస్త్రీ, కాప్రాలో బస్సు గుద్దిన పంతులమ్మ, ఇలా ఎవరి ఇంట్లోనో ఒక మంచం పడేది. వాళ్లవాళ్లు బూతు దగ్గరికి వచ్చి అడిగేవారు. ఆదివారాల్లో ఎలుకల పని చూసుకుని ఆమె వాళ్లింటికి వెళ్లేది. మందు ఇవ్వదు, నడిపిస్తానని చెప్పదు. వాసన చూస్తుంది. వీపు చూస్తుంది. దుప్పటి ముడత సరిచేస్తుంది. ఇంటావిడకు ఎలా తిప్పాలో చూపిస్తుంది. జ్వరముంటే అప్పటికప్పుడు ఆటో పిలుస్తుంది.

ఒకసారి చర్లపల్లిలో గండయ్య అనే కరెంటు పని మనిషికి ఇలాగే జరిగింది. స్తంభం మీది నుంచి పడ్డాడు. సారమ్మ వెళ్తే మొహం గోడకు తిప్పుకుని, ముట్టుకోనివ్వలేదు. నన్ను చావనివ్వండి అన్నాడు. సారమ్మ వాదించలేదు. పక్కింట్లో ఫోనుందని తెలుసుకుని, తీగ ఎంత దూరం వస్తే అంత దూరం లాగించి, బాలనర్సింహ బూతుకు కలిపి, రిసీవరు అతని చెవి దగ్గర పెట్టింది.

బాలనర్సింహ గొంతు గది అంతా వినిపించింది.

"గండయ్యా, నేను నాచారం బాలనర్సింహను. నేను గూడ గట్లనే గోడదిక్కు తిరిగిన, రెండేండ్లు. గోడ ఏం మాట్లాడదు తమ్మీ, నేను సూసిన. సచ్చుడు సంగతి తర్వాత మాట్లాడుకుందం, నేను యాడికి పోను, దినమంత ఫోను కాడనే ఉంట. ముందుగాల ఆమె దిక్కు పొర్లు."

గండయ్య రిసీవరు తన చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత మంచం పట్టె పట్టుకున్నాడు.